చివరి చాప వరకు పాట
(మెట్‌పల్లి గాయక బృందముల కూడికలో చేసిన ప్రసంగ పాఠము)



కూటములలో మైకులు నిలుపుట, వైర్లు పరచుట, పాటలు రికార్డు చేయుట మాకు అప్పగింపబడిన పని. పాడువారిని సభ అంతయు చూచును. మా వైపు మాత్రము మైకు కూసినప్పుడే తల తిప్పి చూతురు! అందుచేత ఈ పని ఎట్లు జరుగునో, ఎక్కడ చెడునో మీతో పంచుకొనుట మంచిదని తోచినది.

ముందు మా తప్పు చెప్పుకొందుము. కొన్ని సంవత్సరముల క్రితము ఒక క్రిస్మస్ కూటములో, పగలంతా బీడీలు చుట్టి సాయంత్రము అభ్యాసమునకు వచ్చు ఒక పెద్దావిడ పాత వరుసలో కీర్తన పాడినది. ఆ వరుస పూర్తిగా వచ్చినవారు మరి లేరు. మేము మిక్సరు నుండి రికార్డరుకు తీగ కలిపి నిశ్చింతగా కూర్చుంటిమి. ఆమెకు మైకన్న బెరుకు. రెండడుగులు వెనుకకు జరిగి పాడినది. హాలు చిన్నది, గొంతు పెద్దది, కనుక అందరికి చక్కగా వినబడెను. మరుసటి ఏడు ఆమె లేదు. మనుమరాలు రికార్డు కొరకు వచ్చినది. పెట్టి వినిపించితిమి. కీబోర్డు ఉన్నది, డోలకు ఉన్నది. “అన్నా, ఇండ్ల మా అవ్వ గొంతేది?” అని ఆ బిడ్డ అడిగినది.

జరిగినది ఇది. మిక్సరులోనికి మైకు పట్టిన శబ్దమే పోవును. హాలులో గాలి ద్వారా మన చెవికి వచ్చినది దానికి తెలియదు. కీబోర్డు తీగ ద్వారా నేరుగా వచ్చెను, డోలకు దగ్గర మైకుండెను. ఆమె గొంతు మాత్రము గాలిలోనే పోయెను. హెడ్‌ఫోను పెట్టుకొని ఒక్క నిమిషము వినియుంటే తెలిసిపోయెడిది. ఆ నాటి నుండి సభ మధ్యలో కొంచెము ఎత్తున మరి రెండు మైకులు పెట్టి, వాటిని వేరుగా రికార్డు చేయుచున్నాము. మట్టము మైనస్ 12 డెసిబెళ్ల దగ్గర ఆడునట్లు ఉంచెదము. పాత టేపు కొద్దిగా మించినను ఓర్చుకొనెడిది. నేటి డిజిటలు రికార్డరులో సున్న దాటిన శబ్దము పగిలిపోవును, దానిని మరల అతుకలేము.

మైకుకు దగ్గరగా నిలువుడని మేము విసిగించుటకు కారణమున్నది. నోటికి మైకుకు మధ్య దూరము ఆరంగుళముల నుండి మూడంగుళములకు తగ్గినచో శబ్దము 6 డెసిబెళ్లు పెరుగును. ఆంప్లిఫయరు శక్తిని రెట్టింపు చేసినను పెరుగునది 3 మాత్రమే. అనగా ఖర్చు లేని ఒక అడుగు, ఖర్చుతో తెచ్చిన పెద్ద పెట్టె కన్న మేలు. 1902లో గైస్‌బర్గ్ దొర కలకత్తాలో గౌహర్ జాన్ పాట రికార్డు చేసినప్పుడు మైకే లేదు. పెద్ద గొట్టములోనికి పాడించిరి. విద్యుత్తుతో రికార్డు చేయు పద్ధతి 1925లో గాని వాడుకలోనికి రాలేదు. అప్పుడు మీటలు లేవు, పాడువారిని ముందుకు వెనుకకు జరిపియే సరిచేసెడివారు.

ఇక కూత సంగతి. బాక్సులోని శబ్దము మరల మైకులో పడి, తిరిగి బాక్సుకు వచ్చి, అట్లే తిరుగుచు పెరుగును. కనుక బాక్సులు పాడువారికి ముందుండవలెను, వెనుక కాదు. మైకు తలను పిడికిలితో మూసి పట్టుకొనకుడి. వెనుక శబ్దమును ఆపుకొను దాని గుణము అప్పుడు పోవును. పాడనివారి మైకు మూసివేయుట కూడ అంతే అవసరము. తెరిచిన మైకులు రెట్టింపైనప్పుడెల్ల, కూత రాకుండ మనకు దొరకు శబ్దము సుమారు 3 డెసిబెళ్లు తగ్గును. మా పిల్లవాడు మీ మైకు తీసివేసెనని అలిగినవారు దయచేసి ఇది గమనించవలెను.

మైదానపు కూటములలో మరొక చిక్కు. శబ్దము సెకనుకు సుమారు 340 మీటర్లు పోవును, కరెంటు అంతకంటె ఎంతో వేగము. వేదికకు 68 మీటర్ల దూరమున ఇంకొక జత బాక్సులు పెట్టినచో అక్కడివారికి పాట రెండు మారులు వినబడును, రెండవది సెకనులో ఐదవ వంతు ఆలస్యముగా. మాట మాటపై పడి ఒక్కటియు అర్థము కాదు. వాల్యూము పెంచుడని వారు కేకవేయుదురు, పెంచినచో గందరగోళము ఇంకను పెరుగును. వెనుక బాక్సులకు అంతే ఆలస్యము కలుపుట దానికి మందు. అందుకే కూటమునకు ముందు మాలో ఒకరు చివరి చాపపై కూర్చుండి వినవలెనని నియమము పెట్టుకొంటిమి. మిక్సరు దగ్గర ఎంత బాగున్నను, అక్కడ మాట తెలియవలెను.

అన్నిటికంటె భయము కరెంటుతో. మంచు పడిన నేలపై వట్టి కాళ్లతో నిలిచి, ఒక చేత గిటారు తీగెలు, పెదవులకు మైకు. ఎర్తు సరిగా లేనిచో ప్రాణమే పోవచ్చును. ఎర్తు లేని ప్లగ్గుతో మేము సామాను కలుపము. ఆలస్యమైనదని కోపించినను కలుపము. ఇంకొక మాట: 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారము రాత్రి 10 నుండి ఉదయము 6 వరకు బయట లౌడు స్పీకరు కూడదు. క్రిస్మస్ వంటి దినములలో సడలింపు ఇచ్చు అధికారము ప్రభుత్వమునకున్నది. దానిని ముందుగా విచారించుకొనవలెను.

మన మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల సంఘములలో పాత వరుసలు తెలిసిన పెద్దలెవరైనను ఉన్నచో మాకు తెలియజేయుడి. కూటము దాకా ఆగనక్కర లేదు, మేమే ఇంటికి వచ్చెదము. మైకు వారి కంటికి కానరాకుండ పక్కకు పెట్టెదము. పాట అయ్యేదాకా ఫ్యాను మాత్రము ఆపవలసి యుండును.