బంగారానికి కొత్త కొలువు
(ప్రసంగ పాఠం)



డి.ఎ. గురించి, ఆరోగ్యం గురించి తోటి వక్తలు చక్కగా చెప్పారు. రసాయనశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి కనుక నేను బంగారం గురించి రెండు మాటలు మనవి చేస్తాను. దాని ధర గురించి కాదు, అది చేసే పని గురించి.

బంగారం తుప్పు పట్టదు, తేలికగా దేనితోనూ కలవదు అని పిల్లలకు చెప్పాం. నిజమే. కాని ఆత్మకూరు బజారులో నగల పనివారిని అడగండి, ద్రవరాజంలో వేస్తే అదీ కరుగుతుందని చెబుతారు. అలా ద్రావణంలో చేరిన బంగారం మంచి ఉత్ప్రేరకం. ఉదయగిరి చెక్క గరిటె కూరను కలుపుతుంది గాని తాను కూరగా మారదు. ఉత్ప్రేరకమూ అంతే, మళ్లీ పనికి వస్తుంది. అది, చర్యలో పాల్గొనే పదార్థాలు ఒకే ద్రావణంలో ఉంటే సజాతీయ ఉత్ప్రేరణ అంటారు.

దీనితో మనకేం పని అంటారా? జపానులోని మినమాటా పట్టణంలో ఒక కర్మాగారం ఎసిటిలీన్‌కు నీటిని చేర్చి ఎసిటాల్డిహైడ్ తయారుచేసేది. ఉత్ప్రేరకం పాదరసం. ఆ వ్యర్థజలం సముద్రంలో కలిసి, చేపల ద్వారా మనుషుల ఒంట్లోకి చేరింది. 1956లో జబ్బు బయటపడింది. నరాలు దెబ్బతిని ఎందరో మరణించారు. తల్లి కడుపులోని బిడ్డలకు కూడా ఆ విషం తప్పలేదు.

ఆవర్తన పట్టికలో పాదరసం 80, బంగారం 79. ఇరుగుపొరుగువారే! ఒక ఎలక్ట్రాన్ కోల్పోయిన బంగారంలోనూ, రెండు కోల్పోయిన పాదరసంలోనూ మిగిలేవి 78. అందుకే పాదరసం చేసే ఇలాంటి పని బంగారమూ చేయగలదు. ఎసిటిలీన్ వంటి అణువులలో రెండు కార్బన్ల మధ్య త్రిబంధం ఉంటుంది. బంగారు అయాను అందులోని ఎలక్ట్రాన్లను తనవైపు లాగుతుంది. అదను చూసి నీరో, ఆల్కహాలో కార్బన్‌ను పట్టుకుంటుంది. చివరకు బంగారం తన చోటు హైడ్రోజన్‌కు ఇచ్చి తప్పుకుంటుంది.

1991లో జపాను శాస్త్రవేత్తలు ఫుకుడా, ఉటిమోటో బంగారు లవణంతో ఇలా నీటిని చేర్చి చూపారు. 1998లో జర్మనీలోని బి.ఎ.ఎస్.ఎఫ్. సంస్థకు చెందిన టెలెస్ బృందం ఆల్కహాలును చేర్చి, ఒక్కో బంగారు పరమాణువు లక్షసార్ల వరకు పనిచేయగలదని తెలిపింది. మనం ఆర్.ఆర్.ఎల్. అని పిలిచిన హైదరాబాదు ఐ.ఐ.సి.టి.లో నితిన్ పాటిల్, హైదరాబాదు విశ్వవిద్యాలయంలో అఖిల కుమార్ సాహూ బంగారు ఉత్ప్రేరకాలతో వలయాకార అణువులను నిర్మించే పరిశోధనలు చేశారు. మందుల తయారీకి అలాంటి అణువులు ముఖ్యం.

బంగారం ఖరీదైనదే. ద్రావణం నుంచి దాన్ని తిరిగి రాబట్టడమూ సులువు కాదు. అందుకే ఈ విద్య ఎక్కువగా ప్రయోగశాలల్లోనే ఉంది. అయినా ఖర్చు లెక్క వేసేటప్పుడు మినమాటా బిడ్డలనూ లెక్కలో వేయాలి. పాదరసం వాడకాన్ని తగ్గించే మినమాటా ఒప్పందాన్ని మన దేశం 2018లో ధ్రువీకరించింది.

చివరగా ఒక మనవి. థర్మామీటరు పగిలితే ఆ పాదరసాన్ని పిల్లలను తాకనివ్వకండి. కెమిస్ట్రీ చదివే మనవడో, మనవరాలో ఇంటికి వస్తే, "ఫ్యాక్టరీలో తయారయ్యేది సరే, కాలువలోకి పోయేదేమిటి?" అని అడగండి. ఆ ప్రశ్న వేసే హక్కు పెద్దలుగా మనకుంది.