పంపకమునకు లొంగని సంఖ్య



విజయనగరము చెంత, చంపావతీతీరమున, మా తాతగారు కళ్ళములో ధాన్యము కొలుచునపుడు తొలి కుంచమును ఒకటి యనక ‘లాభము’ అనెడివారు. లెక్కలపై నాకు మక్కువ కలిగిన దా కళ్ళముననే. కావున నేటి విషయమును గూడ గింజలతోనే మొదలిడెదను.

పండ్రెండు గింజలను వరుసకు నాలుగు చొప్పున మూడు వరుసలుగా పేర్చవచ్చును. పదమూడింటి నట్లు సమానముగా పేర్చుట యెవ్వరితరమును గాదు. ఒకటియు తానును దప్ప వేఱొక సంఖ్యచే నిశ్శేషముగా భాగింపబడని యిట్టిదానిని ప్రధానసంఖ్య యందురు.

చదరంగపు మొదటి గడిలో 1, రెండవదానిలో 2, మూడవదానిలో 4, ఇట్లు ఇబ్బడిగా గింజల నుంచు కథ మీ రెఱిగినదే. 64 గడుల మొత్తము 18446744073709551615. దీనిని దెలుపు పద్యము గణితసారసంగ్రహమును తెనిగించిన పావులూరి మల్లన పేర మనలో ప్రసిద్ధము. చివర 5 ఉన్నది గనుక నిది 5చే భాగింపబడును, ప్రధానము గాదు.

మఱి నడుమ ఆగినచో? 2 గడులకు 3, 3 గడులకు 7, 5 గడులకు 31, ఇవి ప్రధానములే. 4 గడులకు 15. గడుల సంఖ్య పంపకమునకు లొంగినచో మొత్తమును లొంగును. కాని గడుల సంఖ్య ప్రధానమైనంతమాత్రమున చాలదు. 11 గడుల మొత్తము 2047; అది 23ను 89చే హెచ్చవేసిన లబ్ధము.

1644లో మెర్సెన్ అను ఫ్రెంచి సన్న్యాసి, ఎన్ని గడులకు మొత్తము ప్రధానమగునో యొక పట్టిక ప్రకటించెను. అందు 67 ఉన్నది, 61 లేదు. ఆయన మహాపండితుడు. అయినను 1883లో రష్యాదేశపు పల్లెలలో పౌరోహిత్యము చేయు పెర్వూషిన్ అను నాతడు, 61 గడుల మొత్తమైన 2305843009213693951 ప్రధానమని చేతిలెక్కతో తేల్చెను.

ఒక్కొక్క భాజకమును పరీక్షింపబోయినచో సుమారు 152 కోట్ల వఱకు పోవలయును. సెకనుకొకటి చొప్పున చూచినను 48 ఏండ్లు పట్టును. కాని యీ సంఖ్యల కొక ధర్మము గలదు. 61 గడుల మొత్తమునకు భాజకమున్నచో, దానిని 61చే భాగింపగా 1 శేషింపవలయును. 23ను, 89ని 11చే భాగించి చూడుడు. ఆ ధర్మమే కనబడును. ఇట్టి యుపాయములే అసాధ్యమైన శ్రమను సాధ్యము చేయును.

ఇక 67 మాట. 1903లో కోల్ అను అమెరికా పండితుడు ఆ మొత్తమును 193707721, 761838257287 అను రెండు సంఖ్యల లబ్ధముగా చూపెను. 2024లో కంప్యూటరుల సాయమున 13,62,79,841 గడుల మొత్తము ప్రధానమని తేలినది. దానిని వ్రాయుటకు 4,10,24,320 అంకెలు కావలయును.

గణితమునందు ఎవరు చెప్పిరన్నది ప్రమాణము గాదు. లెక్క సరిపడుటయే ప్రమాణము. పల్లెటూరి పురోహితుడు మహాపండితుని దిద్దగలిగిన దందుచేతనే. నేను బాల్యమున మా తాతగారిని, “ఈ గింజలన్నియు సమానముగా పంచవచ్చునా?” అని యడిగితిని. ఆయన కసరలేదు, “లెక్కించి చూడు” మనిరి. మీ మనుమలును మనుమరాండ్రును అడిగినపుడు మీరును ఆ మాటయే చెప్పుడని ప్రార్థించుచు విరమించుచున్నాను.