పనికి కొలత, మనిషికి మన్నన



హైదరాబాదు కంపెనీ కొలువునకు బిడ్డను పంపిన ఇల్లు లేని ఊరు నేడు అరుదు. "మావాడు మరల కంపెనీ మారినాడు, మంచి జీతము నేల విడిచినాడో తెలియదు" అని తల్లిదండ్రులు చింతించుట మనము వినుచునే యున్నాము. జీతమునకై మారువారు కలరు, కాదనలేము. కాని జీతము చాలినను నిలువనివారును కలరు. వారేల నిలువరు? వారిని నిలుపుకొనుటకు యజమానులు చేయవలసిన దేమి? నేటి ప్రసంగమున ఈ విషయమును విచారింతము.

మాదాపూరులోని సైబర్ టవర్స్ అను భవనమును 1998 నవంబరు 22వ తేదీన నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయిగారు ప్రారంభించిరి. రాళ్లగుట్టల నడుమ మొదలైన ఆ హైటెక్ సిటీ నేడు గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడల వరకు కార్యాలయముల వరుసగా వ్యాపించినది. అచట తయారగు సరకు గిడ్డంగిలో నిలువచేయునది కాదు. దానిని చేయు నేర్పు ఉద్యోగి తలలో నుండును. అతడు వెడలిపోయినచో నేర్పును అతని వెంటనే పోవును.

తమంత తాము కొలువు విడిచినవారు ఏటికి నూటికి ఎందరో కంపెనీలు లెక్కగట్టును. హైదరాబాదులోను పెద్ద కార్యాలయములు గల ఇన్ఫోసిస్ కంపెనీ ఐటీ సేవల విభాగమున, 2022 జూనుతో ముగిసిన పండ్రెండు మాసములకు ఈ లెక్క 28.4. అనగా నలుగురిలో ఒకరికంటె నెక్కువ. కరోనా పిదప పనివారికి గిరాకి హెచ్చిన కాలమది.

పనిని కొలువకుండ ఏ యజమానికిని సాగదు. కాని దేనిని కొలుచుట యన్నదే చిక్కు. కోతకూలీలకు కట్టల లెక్కననే కూలి యిచ్చిన రైతు పొలమున కట్టలు చిన్నవగును, వెన్నులు నేల రాలును. కార్యాలయములందును అంతే. సరిదిద్దిన తప్పుల సంఖ్యనే చూచినచో, తేలికవానిని ముందుగా దిద్ది కష్టమైనదానిని ప్రక్కకు నెట్టుదురు. గంటలనే లెక్కించినచో కుర్చీ నిండును గాని పని నిండదు.

మనుష్యులను ఒకరితో నొకరిని పోల్చి వరుసపెట్టుట మరియొక పొరపాటు. 1998లోనే హైదరాబాదున తన అభివృద్ధి కేంద్రమును స్థాపించిన మైక్రోసాఫ్ట్ కంపెనీలో చిరకాలము ఇట్టి పద్ధతి యుండెను. ప్రతి బృందమునందును ఇందరు ఉత్తములు, ఇందరు మధ్యములు, ఇందరు అధములు అని ముందుగనే పాళ్లు నిర్ణయించెడివారు. అందరును బాగుగా పనిచేసినను ఎవరో యొకరు అడుగున పడవలసినదే. తోటివానికి సాయపడిన తన స్థానము తగ్గునను శంక ఇట్టిచోట పుట్టక మానదు. ఒకే కాడికి కట్టిన ఎడ్లకు పందెము పెట్టినచో నాగలి సాగునా? 2013 నవంబరులో ఆ కంపెనీయే ఈ పద్ధతిని విడిచిపెట్టెను.

అమెరికా పండితుడు ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్, తన సహచరులతో కలిసి, పిట్స్‌బర్గు ప్రాంతమునందలి సుమారు 200 మంది ఇంజనీర్లను, పద్దుల ఉద్యోగులను ప్రశ్నించి 1959లో ఒక గ్రంథము ప్రకటించెను. పనియందు సంతోషము కలిగిన సందర్భములను తెలుపుచు వారు సాధించిన కార్యమును, దానికి లభించిన గుర్తింపును ముఖ్యముగా పేర్కొనిరి. అసంతృప్తికి కారణములుగా కంపెనీ కట్టుబాట్లను, పైవారి తీరును చెప్పిరి. జీతము తక్కువైన అసంతృప్తి కలుగును. జీత మొక్కటే చిరకాలము తృప్తి నీయజాలదు.

కావున కొలత మనిషిని చూచుటకు దారి కావలెను. ఏడాది కొకసారి సభచేసి ఫలక మిచ్చుట చాలదు. "నిన్నటి రాత్రి యంత్రములు ఆగకుండ నీవు కాచినావు, దానివలన ఇందరి పని నిలిచినది" అని ప్రక్కన నున్న అధికారి మరునాడే చెప్పవలెను. కంటబడని పని చేయువానిని వెదకి చెప్పవలెను. విడిచిపోవునాడు కారణ మడుగుటకంటె, ఉండగానే కష్టసుఖము లడుగుట మేలు. అయితే మెచ్చుకోలు మాట తగిన జీతమునకు బదులు కానేరదు. జీతమును బిగబట్టి చేయు పొగడ్త ఎవరికిని రుచింపదు.

పెద్దలారా! పండుగకు ఇంటికి వచ్చిన బిడ్డను జీత మెంత పెరిగినదని అడుగుటకు ముందు, "ఈ యేడు నీవు చేసిన మంచి పని యేది? దానిని నీ పైవారు చూచినారా?" అని అడుగుడు. మొదటి ప్రశ్నకు ఉత్సాహముతో బదులు చెప్పి, రెండవదానికి తలవంచుకొనినచో, అతని మనసు నిలువకుండుట చపలత్వము కాదని గ్రహింపుడు. ఆ పనిని ముందుగా మీరు వినుడు.