అమినోప్టెరిన్ వడపోత: ఎల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాసము



భీమవరమున 1895 జనవరి 12న జనించి, స్ప్రూ యను గ్రహణీరోగమున సోదరుల నిరువురిని కోల్పోయి, 1923లో అమెరికా కేగి, 1948 ఆగస్టులో అచ్చటనే దేహము చాలించిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారి స్మృతికై విజయవాడలో కూడిన ఈ సభలో, ఆయన మరణించిన 27 ఏండ్లకు వెలువడిన ఒక ప్రయోగమును గూర్చి నేను ప్రసంగింప బూనుట కొందఱికి వింతగా తోపవచ్చును. 1975 ఆగస్టులో కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞులు జార్జెస్ కోలర్, సీజర్ మిల్‌స్టైన్ 'నేచర్' పత్రికలో ప్రకటించిన మోనోక్లోనల్ యాంటీబాడీల, అనగా ఒకే కణసంతతి స్రవించు ప్రతిరక్షకముల, ఉత్పత్తి విధానమే ఆ ప్రయోగము.

ప్రతిరక్షకములను స్రవించు బి-కణము దేహము వెలుపల కొలది దినములకన్న నెక్కువ బ్రతుకదు. మైలోమా యను క్యాన్సరు కణము ఎంతకాలమైనను విభజించుచునే యుండునుగాని మనకు వలసిన ప్రతిరక్షకము నీయజాలదు. గొఱ్ఱె రక్తకణములను ఎక్కించిన చుండెలుక ప్లీహమునుండి మొదటివానిని గైకొని, సెండై వైరస్ సాయమున రెండవవానితో కలిపి, ఉభయగుణములును గల సంకరకణమును వారు సృజించిరి. అయినను అట్టి కలయిక మిక్కిలి అరుదు. కలియక మిగిలిన మైలోమా కణములే పెరిగి పాత్రనంతయు నాక్రమించినచో పడిన శ్రమయంతయు వ్యర్థము.

ఇచ్చటనే సుబ్బారావుగారి కృషి అక్కఱకు వచ్చినది. లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందము ఫోలిక్ ఆమ్లమును సంశ్లేషించి, పిమ్మట దానిని పోలియుండియు దాని పనిని అడ్డగించు అమినోప్టెరిన్‌ను నిర్మించెను. వైద్యుడు సిడ్నీ ఫార్బర్ ల్యుకేమియా పీడితులైన 16 మంది పిల్లలకు దాని నిచ్చి, 10 మందిలో తాత్కాలికముగా గుణము గాంచెను. తరువాతి శాస్త్రజ్ఞులు దానినే హైపోజాంథీన్, థైమిడీన్‌లతో చేర్చి హ్యాట్ అను పోషకద్రవమును కల్పించిరి. డి.ఎన్.ఏ.కు వలసిన ద్రవ్యములను కణము క్రొత్తగా నిర్మించుకొను మార్గమును అమినోప్టెరిన్ మూసివేయును. ఉన్న ద్రవ్యములనే మరల వినియోగించుకొను రెండవ మార్గమునకు హెచ్.జి.పి.ఆర్.టి. యను ఎంజైము కావలెను. అది లేని మైలోమానే ముందుగా ఎన్నుకొందురు గావున కలియనివి నశించును. ఒంటరి ప్లీహకణములు ఆయువు తీరి తామే నశించును. ప్లీహమునుండి ఎంజైమును, మైలోమానుండి చిరాయువును పొందిన సంకరకణమే నిలుచును. ఇంత స్వచ్ఛమైన తర్కము గల వడపోతను నేను జీవశాస్త్రమున అరుదుగా చూచితిని.

ఆపై పని ఓర్పుతో కూడినది: ద్రావణమును పలుచన చేసి, 96 గుంటల పళ్ళెములలో గుంటకొక కణము వచ్చునట్లు పంచి, పరీక్షించి, వలసినదాని నేరి పెంచి, ద్రవనైట్రోజనులో భద్రపఱతురు.

కోలర్, మిల్‌స్టైన్‌లకు నీల్స్ యెర్నెతోబాటు 1984లో నోబెల్ బహుమానము లభించినది. నేడు కీళ్ళవాతమునకు వైద్యులు ఇన్‌ఫ్లిక్సిమాబ్ అను ప్రతిరక్షకమును, సుబ్బారావుగారి బృందమే యిచ్చిన మెథోట్రెక్సేట్‌ను కలిపి వాడుచున్నారు. మోనోక్లోనల్ యాంటీబాడీల పాఠము బోధించు విజయవాడ, గుంటూరు కళాశాలల ఆచార్యులారా, అమినోప్టెరిన్ ప్రస్తావన వచ్చినపుడెల్ల దానిని నిర్మింపజేసిన భీమవరపు వైద్యుని పేరును విద్యార్థులకు చెప్పుడని వేడుకొనుచున్నాను.