బీజింగ్‌లో అంకశ్రేఢి
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)



చైనా వెళ్ళొచ్చావు కదా, నాలుగు ముక్కలు చెప్పమని కార్యదర్శి గారు అడిగారు. వెళ్ళింది కంపెనీ పని మీద. ఆ గోల మీకెందుకు గానీ, ఒక ఆదివారం చూసిన గుడి సంగతి చెబుతాను.

పేరు తియాన్‌తాన్. ఆకాశానికి కట్టిన గుడి. మింగ్ చక్రవర్తి యోంగ్‌లె 1420లో కట్టించాడు. ఆవరణ 273 హెక్టార్లు. చక్రవర్తి ఆకాశపుత్రుడు కాబట్టి జనం తరఫున ఆకాశానికి మొక్కే హక్కు ఆయనొక్కడిదే. ఆయన ఊరేగింపు వస్తుంటే జనం తలుపులు మూసుకుని ఇంట్లో ఉండాలి, తొంగి చూడకూడదు. ఇంతా చేసి మొక్కేది దేనికయ్యా అంటే, పంటలకు!

పంటల కోసం మొక్కే ఆ మందిరం గుండ్రంగా, మూడు నీలి కప్పులతో 38 మీటర్ల ఎత్తుంటుంది. అంతా కొయ్యపనే, మేకు కొట్టలేదంటారు. నడుమ నాలుగు స్తంభాలు నాలుగు ఋతువులకు. వాటి చుట్టూ పన్నెండు, నెలలకు. ఆ వెలుపల మరో పన్నెండు. వాళ్ళ పాత లెక్కలో పగలూ రాత్రీ కలిపి పన్నెండు జాములట. 1889లో పిడుగుపడి మందిరం కాలిపోతే మళ్ళీ కట్టారు. ఆకాశం గుడి మీదే పిడుగు, చూడండి.

నన్ను పట్టుకున్నది వేరే కథ. 1585లో ఘోరమైన కరువొచ్చింది. వాన్‌లీ చక్రవర్తి పల్లకి ఎక్కకుండా, రాజప్రాసాదం నుంచి అక్కడి దాకా నడిచి వెళ్ళి వాన కోసం మొక్కాడు. వాన పడింది గానీ, వారాలు గడిచాక.

మనం పదో తరగతిలో ఉన్న ఏడు గుర్తుందా? మా ఊరి రామాలయంలో విరాటపర్వం చదివించారు. కప్పను కావడికి కట్టి ఇంటింటా నీళ్ళు పోయించారు. చినుకు లేదు. వేసిన శనక్కాయ విత్తనం విత్తనంగానే పోయింది. నాన్న నన్ను బడి మాన్పించి బావి పూడిక పనికి పంపాడు.

వారం తర్వాత లెక్కల మాస్టారు ఎండలో నడిచి మా ఇంటికొచ్చారు. “వానే రాకపాయె సార్, వీని చదువుకేమి పెట్టేది” అన్నాడు నాన్న. మాస్టారు వాన మాటెత్తలేదు. మా అరుగు మీద కూర్చుని, బొగ్గుముక్కతో 9, 18, 27 అని రాసి, “నువ్వు రాని రోజు ఇది చెప్పాను. మొత్తం ఎంతో చెయ్” అన్నారు. పరీక్ష ఫీజు ఎవరు కట్టారో ఫలితాలొచ్చాక గానీ నాకు తెలియలేదు.

తియాన్‌తాన్‌లో దక్షిణం వైపు తెల్లరాతి వేదిక ఒకటుంది, 1530 నాటిది, మూడంతస్తులు. శీతాకాలంలో పగలు అతి తక్కువగా ఉండే రోజున చక్రవర్తి మొక్కింది దాని మీదే. పై అంతస్తు మధ్యలో గుండ్రటి రాయి. దాని చుట్టూ మొదటి వలయంలో 9 పలకలు, రెండో దాంట్లో 18, తర్వాత 27, అలా తొమ్మిదో వలయంలో 81. చలికి ముక్కు పనిచేయడం లేదు గానీ, నేను అక్కడే నిలబడి లెక్క మొదలుపెట్టాను. మొదటి పదం 9, పదాంతరం 9, పదాలు 9. మొత్తం 405. నమ్మకం చాలక, రెండు వలయాలు చుట్టూ తిరిగి లెక్కపెట్టి చూశాను కూడా. మధ్యరాయి మీద నిలబడి ఫొటో దిగాలని ఒక ముసలమ్మ కాచుకుని ఉంది. వాళ్ళ భాషలో ఏదో అని నన్ను పక్కకు నెట్టింది. ఒకనాడు తొంగి చూడటానికి కూడా వీల్లేని చోటది. 1918లో అందరికీ తెరిచారు.

మాస్టారు ముందు వరసలోనే ఉన్నారు. అయ్యా, ఆ మధ్యరాయిని కూడా కలిపి 406 అనాలా, వద్దా? అప్పుడు అడగడానికి మీరు పక్కన లేరు.