పేరు తెచ్చిన డేటే పేరు చెడగొట్టింది: బోజొలే వైన్ కథ

ఈరోజు మనం ఒక రిలీజ్ డేట్ గురించి మాట్లాడుకుందాం. సినిమాది కాదు, ఫోన్‌ది కాదు. ఒక వైన్‌ది.

ముందే రెండు మాటలు చెప్పేస్తా. ఒకటి, ఈ వీడియో మిమ్మల్ని తాగమని చెప్పడానికి కాదు. అలవాటు లేనివాళ్లు కొత్తగా మొదలుపెట్టాల్సిన అవసరం అస్సలు లేదు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 21 ఏళ్లు నిండకపోతే మందు కొనడం చట్టం ఒప్పుకోదు. రెండు, ఈ ఎపిసోడ్‌కి స్పాన్సర్ ఎవరూ లేరు. ఫ్రాన్స్‌లో ఒక ప్రాంతం రైతులు ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నారు. తర్వాత ఆ పేరే వాళ్ల మెడకి చుట్టుకుంది. నాకు ఇంట్రెస్టింగ్‌గా అనిపించింది అదే.

నేను జాబ్ చేస్తున్న రోజుల్లో ఒక ప్రాజెక్ట్ పని మీద మూడు నెలలు లియోన్ అనే ఊళ్లో ఉన్నా. నవంబర్‌లో ఒక గురువారం సాయంత్రం టీమ్ వాళ్లు బార్‌కి లాక్కెళ్లారు. ఊరంతా పండగలా ఉంది. "కొత్త బోజొలే వచ్చేసింది" అని ప్రతి షాపు అద్దం మీదా పోస్టర్లు. ఒక గుక్క తాగా. అరటిపండు వాసన, చాక్లెట్ కవర్లో ఉండే పుల్లపుల్లటి పండు బిళ్లల రుచి. ఫ్రెంచ్ వైన్ అంటే ఇంతేనా అనుకున్నా.

తర్వాతి వారం ఒక చిన్న హోటల్లో భోజనానికి వెళ్లాం. ఓనర్ తనే ఒక గ్లాసు పోసి పెట్టాడు. చెర్రీ వాసన, తడిమట్టి వాసన, నోట్లో చాలాసేపు నిలిచే రుచి. బాటిల్ మీద "మోర్గొన్" అని ఉంది. ఇదెక్కడిదని అడిగితే ఆయన నవ్వి, "ఇదీ బోజొలేనే" అన్నాడు. అదే ప్రాంతం, అదే ద్రాక్ష. మరి లేబుల్ ముందువైపు బోజొలే అన్న మాటే ఎందుకు లేదు? ఈరోజు కథంతా ఆ ప్రశ్నకి జవాబే.

మ్యాప్‌లో చూస్తే బోజొలే లియోన్‌కి ఉత్తరాన ఉంటుంది. మాకాన్ ఊరి వైపు నుంచి లియోన్ దగ్గర దాకా సుమారు 55 కిలోమీటర్ల పొడవున కొండలు, వాలు మీద తోటలు. పైన బర్గండీ. ప్రపంచంలో అతి ఖరీదైన వైన్లు కొన్ని అక్కడివే. బోజొలేలో దాదాపు అంతా ఒకటే ద్రాక్ష, పేరు గమే. 1395లో బర్గండీ డ్యూక్ ఫిలిప్ ద బోల్డ్ ఈ గమే తీగల్ని పీకేయమని ఆర్డర్ వేశాడు. కాపు ఎక్కువ, క్వాలిటీ తక్కువ, నమ్మకం లేని మొక్క అని ఆయన కోపం. బర్గండీలో చిన్నచూపు పడ్డ గమే, దక్షిణాన బోజొలే గ్రానైట్ కొండల మీద మాత్రం గట్టిగా నిలదొక్కుకుంది. మనం పనికిరాడని తీసేసినవాడు ఇంకో టీమ్‌లో స్టార్ అయినట్టు.

ఇప్పుడు తయారీ. మామూలుగా రెడ్ వైన్ చేయాలంటే ద్రాక్షని చితక్కొట్టి పులియబెడతారు. ఇక్కడ అలా కాదు. గుత్తులకి గుత్తులు, చితక్కుండా, మూత ఉన్న ట్యాంకులో వేస్తారు. కింద ఉన్నవి పైవాటి బరువుకి నలిగి పులియడం మొదలవుతుంది. దాంతో కార్బన్ డయాక్సైడ్ పుట్టి ట్యాంకంతా నిండుతుంది. ఆక్సిజన్ లేక పైన ఉన్న ద్రాక్షల్లో పండు లోపలే పులుపు ప్రక్రియ మొదలవుతుంది. దీన్ని కార్బానిక్ మాసరేషన్ అంటారు. ఫలితం ఏంటంటే, పళ్ల వాసన బాగా వస్తుంది, వగరు తక్కువ ఉంటుంది. నేరేడు పండు తిన్నాక నాలుక పట్టేసినట్టు ఉంటుంది చూడండి, ఆ వగరుకి కారణం టానిన్లు. బోజొలేలో అవి తక్కువ. అందుకే చాలా రెడ్ వైన్లలా ఏళ్ల తరబడి దాచక్కర్లేదు, త్వరగా తాగేయొచ్చు.

త్వరగా అంటే ఎంత త్వరగా? సెప్టెంబర్‌లో కోస్తే నవంబర్‌లో బాటిల్! కోత అయిన కొన్ని వారాలకే కొత్త వైన్ పీపాల్లో లియోన్ బార్లకి రావడం పాత ఆచారమే. 1951లో ప్రభుత్వం డిసెంబర్ దాకా ఆగకుండా ముందే అమ్ముకోవచ్చని పర్మిషన్ ఇచ్చింది. ఆ తర్వాత నవంబర్ 15 అని డేట్ ఫిక్స్ చేశారు. 1985 నుంచి నవంబర్ మూడో గురువారం. వీకెండ్ ముందు రోజులు కదా, సేల్స్ బాగుంటాయి. దీనికే బోజొలే నూవో అని పేరు, అంటే "కొత్త బోజొలే".

రైతు వైపు నుంచి ఆలోచిస్తే ఇది బ్రహ్మాండమైన ఐడియా. వైన్ వ్యాపారంలో పెద్ద తలనొప్పి ఏంటంటే, సరుకు నెలలు, ఏళ్లు గోడౌన్లో పడి ఉంటుంది, డబ్బు చేతికి రాదు. నూవోతో రెండు నెలల్లో క్యాష్ వచ్చేస్తుంది.

దీన్ని ప్రపంచానికి అమ్మిన వ్యక్తి జార్జ్ దుబఫ్. 1964లో సొంత కంపెనీ పెట్టాడు. రంగురంగుల పూల లేబుళ్లు, సెలబ్రిటీలతో పార్టీలు, అర్ధరాత్రి లాంచ్‌లు. మొదటి బాటిల్‌ని పారిస్‌కి, లండన్‌కి ఎవరు ముందు చేరుస్తారని కార్లలో, విమానాల్లో రేసులు పెట్టుకున్నారు. యాడ్ కొనక్కర్లేదు, న్యూస్ వాళ్లే వచ్చి చూపిస్తారు. 1991లో ఫ్రాన్స్‌లో ఎవాన్ చట్టం వచ్చి టీవీలో మద్యం యాడ్స్ బంద్ చేసింది. కానీ వార్తకి ఆ చట్టం అడ్డురాదు కదా! జపాన్ దీనికి అతి పెద్ద విదేశీ మార్కెట్ అయ్యింది. టైమ్ జోన్ పుణ్యమా అని జపాన్ వాళ్లు ఫ్రాన్స్ వాళ్లకంటే ఎనిమిది గంటలు ముందే తెరుస్తారు. హకోనేలో ఒక స్పాలో అయితే ఈ వైన్ కలిపిన నీళ్లలో స్నానాలు చేస్తారు.

ఇక్కడే తేడా కొట్టింది. నా పాత ఉద్యోగం భాషలో చెప్పాలంటే, నూవో అనేది బీటా వెర్షన్. సరదాగా టెస్ట్ చేయడానికి ఇచ్చేది. కానీ జనం దాన్నే ఫైనల్ ప్రొడక్ట్ అనుకున్నారు. డేట్ కదలదు కాబట్టి, పంట ఎలా ఉన్నా రిలీజ్ చేయాల్సిందే. డిమాండ్ ఉంది కదా అని కొందరు కాపు పెంచారు, క్వాలిటీ తగ్గించారు. నేనూ రిలీజ్ డేట్ కోసం సగం ఉడికిన కోడ్ పంపిన రోజులున్నాయి, అందుకే నాకు ఇది బాగా తగిలింది.

2001 పంటలో అమ్ముడుపోక 11 లక్షలకు పైగా కేసుల వైన్‌ని డిస్టిలరీకి పంపడమో పారబోయడమో చేయాల్సి వచ్చింది. లియోన్‌లో ఒక పత్రిక ఒక వైన్ నిపుణుడి మాటగా దీన్ని బూతు మాటతో తిట్టింది. రైతులు కోర్టుకెళ్లారు. దాంతో ఊళ్లో నలుగురు చదవాల్సిన తిట్టు ప్రపంచమంతా చదివింది! ఆ తర్వాతి ఏళ్లలో ఎంతోమంది తోటలు పీకేశారు. మొన్న ఒక డ్యూక్ పీకించిన తీగల్ని ఈసారి రైతులే పీక్కోవాల్సి వచ్చింది.

ఇప్పుడు మోర్గొన్ దగ్గరికి వద్దాం. బోజొలేలో మూడు మెట్లు ఉంటాయి. కింద మామూలు బోజొలే, మధ్యలో బోజొలే విలాజ్, పైన పది క్రూలు. క్రూ అంటే సొంత పేరు సంపాదించుకున్న ఊరు లేదా కొండ అన్నమాట. నూవో కింది రెండు మెట్ల నుంచే వస్తుంది, క్రూల నుంచి చేయడానికి రూల్ ఒప్పుకోదు. ఫ్లూరీ వైన్ పూల వాసనతో మెత్తగా ఉంటుంది. ములాన్-ఆ-వాన్, అంటే గాలిమర అని, గట్టిగా ఉంటుంది, పదేళ్లు దాచినా నిలబడుతుంది. మోర్గొన్ అయితే వయసు పెరిగేకొద్దీ బర్గండీ వైన్‌లా మారుతుంది. ఆ మార్పుకి ఫ్రెంచ్‌లో "మోర్గొన్నే" అని ఒక క్రియాపదమే పుట్టించారు.

అంత మంచి వైన్ చేసేవాళ్లు లేబుల్ ముందు ఊరి పేరే పెద్దగా వేసుకుంటారు. బోజొలే అన్న మాట చాలాసార్లు కనపడదు. రూల్ ఎప్పటినుంచో అలా ఉంది, కానీ నూవో గొడవ తర్వాత అది కవచంలా పనికొచ్చింది. అదే మోర్గొన్‌లో మార్సెల్ లాపియేర్, ఆయన స్నేహితులు 1980ల నుంచే తోటలో రసాయనాలు మానేసి, వైన్‌లో సల్ఫర్ బాగా తగ్గించి, ఓపిగ్గా పనిచేశారు. వాళ్లకి దారి చూపించింది జూల్ షోవే అనే అక్కడి కెమిస్ట్. ఇవాళ "నాచురల్ వైన్" అంటూ ప్రపంచం మాట్లాడుకునేదాంట్లో వీళ్ల వాటా చాలా పెద్దది. వాళ్లకి లాంచ్ పార్టీలు లేవు. రుచి చూసినవాళ్లు ఇంకొకళ్లకి చెప్పారు, అంతే.

తిండి సంగతి చెప్పకపోతే మీరు ఊరుకోరు. లియోన్‌లో చిన్న హోటళ్లని బుషాన్ అంటారు. అక్కడ 46 సెంటీలీటర్ల మందపాటి అడుగు సీసాలో బోజొలే పోసిస్తారు. పక్కన పంది మాంసం సాసేజ్, చేపతో చేసే క్వెనెల్, మెత్తటి సాన్ మార్సెలాన్ చీజ్. కొవ్వు ఎక్కువున్న తిండి కదా, ఈ వైన్‌లోని పులుపు నోటిని కడిగేస్తుంది. మనం నెయ్యి ఎక్కువైన పప్పన్నంలో ఆవకాయ ఎందుకు నంజుకుంటాం? అదే లాజిక్. కోడిని వైన్‌లో ఉడికించే కోక్ ఓ వాన్‌కి ములాన్-ఆ-వాన్ లాంటి గట్టిది వాడతారు. ఇంకో విషయం, రెడ్ అయినా దీన్ని కాస్త చల్లగా, 12 నుంచి 14 డిగ్రీల్లో ఇస్తారు. వగరు, ఆల్కహాల్ రెండూ ఎక్కువుంటే కారం ఇంకా మండుతుంది. ఇందులో వగరు తక్కువ కాబట్టి కారం వంటలకి రెడ్స్‌లో ఇదే కాస్త నయం.

అయితే నూవో తప్పా? నేనలా అనను. ఆ గురువారం రాత్రి నవ్వులు నిజమే. చాలా కుటుంబాలకి ఆ డబ్బు తిండి పెట్టింది. దుబఫ్ 2020లో చనిపోయాడు. ఆయన లేకపోతే బోజొలే అన్న మాట నా నోట్లోకే వచ్చేది కాదు. కానీ ప్రచారం మొదటి గ్లాసు వరకే తీసుకెళ్తుంది. రెండో గ్లాసు అడగాలంటే లోపల సరుకుండాలి. ఆ సరుకు మోర్గొన్ కొండ మీద అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. పోస్టర్లు పెద్దవైపోయి మనకి కనపడలేదు, అంతే.

మీ పనిలో కూడా డేట్ కోసం తొందరపడి పంపేసి, తర్వాత పేరు పోగొట్టుకున్న సందర్భం ఉంటే కామెంట్స్‌లో రాయండి, నేను చదువుతా. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి, బై.