ఉపాధ్యాయుడే పరిశోధకుడు

పరిశోధన అంటే పీహెచ్‌డీ పట్టా కోసం విశ్వవిద్యాలయంలో చేసే పని అన్న అభిప్రాయం ఉన్నత పాఠశాలల్లో బలంగా ఉంది. ఉపాధ్యాయుడికి కావలసిన పరిశోధన వేరు. తన తరగతిలో ఎదురైన ఒక చిక్కును ఎంచుకుని, దాని కారణం వెతికి, బోధనలో మార్పు చేసి, ఫలితాన్ని నమోదు చేసుకోవడమే ఆ పరిశోధన. దీన్నే చర్యాత్మక పరిశోధన అంటారు.

ఈ ఆలోచనకు 1940లలో సామాజిక మనస్తత్వవేత్త కర్ట్ లెవిన్ రూపమిచ్చాడు. అమెరికాలో స్టీఫెన్ కోరీ 1953లో వెలువరించిన గ్రంథం దాన్ని బడుల దాకా తెచ్చింది. పాఠ్యప్రణాళిక మెరుగుపడాలంటే ఉపాధ్యాయుడే పరిశోధకుడు కావాలని బ్రిటన్‌లో లారెన్స్ స్టెన్‌హౌస్ 1975లో వాదించాడు. జపాన్‌లో ఇలాంటి పరిశీలనను ఉపాధ్యాయులు జట్టుగా చేస్తారు: పాఠాన్ని కలిసి తయారుచేస్తారు. ఒకరు బోధిస్తుంటే మిగతావారు పిల్లలను గమనించి, తరువాత అందరూ కూర్చుని చర్చిస్తారు.

ఉదాహరణకు, ఎనిమిదో తరగతి బీజగణితంలో రెండు పదాల మొత్తాన్ని వర్గం చేయమంటే చాలామంది పిల్లలు విడివిడి వర్గాలను కలిపేస్తారు. తప్పు కొట్టేసి సూత్రం మళ్లీ చెప్పడం మామూలు పద్ధతి. పరిశోధక దృష్టి ఉన్న ఉపాధ్యాయుడు ముందుగా నోటుపుస్తకాలు తిరగేసి, ఆ తప్పు ఎందరు చేశారో, ఎందుకు చేశారో పిల్లలనే అడిగి రాసుకుంటాడు. గళ్ల కాగితంపై 5 గళ్ల భుజంతో చతురస్రం గీయించి, భుజాన్ని 3, 2గా విడగొట్టిస్తాడు. 9 గళ్లు, 4 గళ్ల చతురస్రాల పక్కన ఆరేసి గళ్ల దీర్ఘచతురస్రాలు రెండు కనిపిస్తాయి. విడివిడి వర్గాలు కలిపితే 13 గళ్లే వస్తాయి. మొత్తం 25లో విడిచిపెట్టిన 12 ఎక్కడున్నాయో పిల్లలే చూపిస్తారు. రెండు వారాల తరువాత అదే రకం లెక్కలిచ్చి, మునుపటి జవాబులతో పోల్చి చూస్తే మార్పు నిలిచిందో లేదో తేలుతుంది.

ఇలా పరిశోధించే అలవాటు ఒక్కరి ఉత్సాహం మీద నిలవదు. ప్రధానోపాధ్యాయుడు సమయం కల్పించాలి. స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో ఉత్తర్వులతో పాటు తరగతి అనుభవాలూ చర్చకు రావాలి. ఫలించని ప్రయత్నాన్ని కూడా గౌరవంగా వినాలి. ఉపాధ్యాయులకు ఏటా 50 గంటల వృత్తి శిక్షణ ఉండాలని జాతీయ విద్యా విధానం 2020 సూచించింది. అందులో కొంత ఇందుకు కేటాయించడం సముచితం.

బి.ఎడ్.లో చర్యాత్మక పరిశోధన మార్కుల కోసం రాసే రికార్డుతో ముగిసిపోకూడదు. నేడు పట్టా అందుకుంటున్న ప్రతి ఒక్కరూ ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాదే తరగతి నుంచి ఒక ప్రశ్న ఎంచుకోవాలి, జవాబు వెతకాలి, తేలినదాన్ని తోటి ఉపాధ్యాయుల ముందు పెట్టాలి.